ఆపరేషన్ అయిన పిల్లికి మందులు వేయడం ఎలా?

ప్రశ్న: మా పిల్లి పేరు మల్లి. వయసు పది నెలలు, బరువు రెండున్నర కిలోలు. మొన్న శుక్రవారం దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపేటప్పుడు నొప్పికి ఒక సిరప్పు, రెండు పూటలా వేయమని మాత్రలు ఇచ్చారు. సిరప్పు ఎంత వేయాలో చీటీ మీద 0.25 అని మాత్రమే రాసి ఉంది. మా ఇంట్లో ఉన్నది 5 మి.లీ. సిరంజి, దానితో కొలవడం నాకు చేతకావడం లేదు. మాత్ర వేయబోతే చేతులు రక్కేసింది. ఒకసారి నోటి నిండా నురగ వచ్చింది, భయపడి ఆ పూట మానేశాను. తర్వాతి పూట రెండూ కలిపి వేయాలా? చీటీ మీద ఒంటి వేడి 101.8 అని ఉండడం చూసి మా అత్తగారు జ్వరమేనంటున్నారు. మా పాపకు వాడే జ్వరం సిరప్పు కొంచెం వేద్దామని, కుట్ల మీద పసుపు అద్దుదామని ఆవిడ ఆత్రం. మల్లి మంచం కింద నుంచి బయటికి రావడం లేదు. చీటీ ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన వెంటనే రెండు ముక్కల్లో జవాబు పంపాను. పాప సిరప్పు వేయకండి, రెండు మాత్రలు కలిపి వేయకండి అని. ఎందుకు వద్దన్నానో, మిగిలినవన్నీ ఎలా చేయాలో ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పిల్లికి ఆపరేషన్ చేయించి మందుల సంచితో ఇంటికి చేరిన ప్రతివారికీ ఇవే సందేహాలు వస్తాయి.

మీ అత్తగారి మాటతో మొదలుపెడతాను. ఆవిడకు మల్లి మీద ప్రేమ ఉంది కనుకే ఆ అంకె చూసి కంగారు పడ్డారు. కానీ 101.8 డిగ్రీలు పిల్లికి జ్వరం కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. మల్లికి జ్వరం లేదు, అందువల్ల జ్వరం మందుతో పనే లేదు. ఒకవేళ నిజంగా జ్వరమే వచ్చినా ఆ సిరప్పు మాత్రం వేయకూడదు.

పిల్లల జ్వరం సిరప్పులో ఉండేది పారాసిటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ అని పేర్లు వేరైనా లోపలి మందు అదే. మన కాలేయం పారాసిటమాల్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లికి లేదు. దాన్ని తయారు చేయాల్సిన జన్యువు పులులు, సింహాలతో సహా పిల్లి కుటుంబం మొత్తంలో పనికిరాకుండా పోయింది. బయటికి పోలేని మందు విషంగా మారి ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్లు ఎరుపు పోయి మట్టిరంగులోకి తిరుగుతాయి, ముఖం, పాదాలు ఉబ్బుతాయి, చొంగ కారుతుంది, ఊపిరి కష్టమవుతుంది.

ఎంత వేస్తే ఇలా అవుతుందని అడుగుతారేమో. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములకే విష లక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి. పిల్లల సిరప్పుల్లో ఒక రకం 5 మి.లీ.కి 250 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో ఒక్క మి.లీ. వేసినా మల్లి బరువుకు కిలోకు 20 మిల్లీగ్రాములు పడినట్టు. మీ అత్తగారు అన్న 'కొంచెం' అంటే ఇంతే కదా.

నా వృత్తి తొలి ఏళ్లలో ఒక పెద్దాయన చేతిసంచిలో పిల్లిని తెచ్చారు. కూతురు ఊరికి వెళ్తూ ఆయనకు అప్పగించిన పిల్లి అది. రెండు రోజులుగా ముభావంగా ఉందని డోలో 650 మాత్రను విరిచి సగం వేశారు. “అర మాత్రే వేశానండీ” అని ఆయన పదేపదే అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. ఆ పిల్లి దక్కలేదు. ప్రేమతో చేసిన పనికి ఆయన పడ్డ బాధ మరొకరు పడకూడదని ఈ సంగతి నేను సందర్భం వచ్చిన ప్రతిసారీ చెబుతాను. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. మందు సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, అది ఎంత తొందరగా పడితే అంత మేలు.

ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ కూడా మల్లికి వేయకూడనివే. ఇంకో జాగ్రత్త మన ప్రాంతంలో తప్పకుండా చెప్పాలి. గేదెలకు, ఆవులకు వాడే మందుల్లో మెలాక్సికమ్, పారాసిటమాల్ రెండూ కలిపినవి ఉన్నాయి. పశువుల మందుల షాపులో నోటిమాటగా “మెలాక్సికమ్ ఇవ్వండి” అంటే ఆ కలిపిన మందు చేతిలో పెట్టే అవకాశం ఉంది. పెట్టె మీది పేరుతో సరిపెట్టుకోకుండా, లోపల ఏ మందులు ఉన్నాయో రాసే చిన్న అక్షరాల వరుసను ప్రతిసారీ చదవండి.

ఇక మీ సిరప్పు. చీటీ ఫొటోలో మెలాక్సికమ్ అని స్పష్టంగానే ఉంది. ఆపరేషన్ తర్వాత పిల్లి నొప్పికి వాడే మందే అది. దీని గురించి ఒక ముచ్చట చెప్పాలనిపిస్తోంది. మన దేశంలో రాబందులు 1990ల నుంచి కుప్పలుగా చచ్చిపోయాయి. పశువులకు వేసిన డైక్లోఫినాక్ వాటి కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి చేరి కిడ్నీలను చంపేస్తోందని తర్వాత తేలింది. 2006లో పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని నిషేధించారు. దానికి బదులుగా, రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలిన మందు ఈ మెలాక్సికమే. అలా జటాయువు వంశానికి మేలు చేసిన మందును కూడా పిల్లి విషయంలో చుక్కలు లెక్కపెట్టి వేయాలి. మోతాదు పెరిగినా, రోజులు పెరిగినా పిల్లి కిడ్నీలు తట్టుకోలేవు. అమెరికాలో పిల్లులకు ఈ మందును ఆపరేషన్ సమయంలో ఒక్క ఇంజెక్షన్‌గా మాత్రమే అనుమతించారు, మళ్లీ మళ్లీ వేస్తే కిడ్నీలు పోయి ప్రాణం మీదికి రావచ్చని పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది. ఐరోపాలో ఇంజెక్షన్ తర్వాత చాలా చిన్న మోతాదులో ఇంకో నాలుగు రోజుల వరకు సిరప్పు వేయనిస్తారు. మీ డాక్టరు గారు రాసింది ఈ రెండో పద్ధతి.

లెక్క ఒకసారి కలిసి చూద్దాం. ఆ పద్ధతిలో రోజుకు ఒకసారి, కిలో బరువుకు 0.05 మిల్లీగ్రాములు వేస్తారు. మల్లి బరువు రెండున్నర కిలోలు కనుక 0.125 మిల్లీగ్రాములు. పిల్లుల కోసం చేసే సిరప్పులో ఒక మి.లీ.కి 0.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అలాంటి సీసా అయితే 0.25 మి.లీ. సరిగ్గా సరిపోతుంది. కుక్కల సిరప్పులో ఒక మి.లీ.కి 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే 0.25 మి.లీ. ఆ సీసా నుంచి తీస్తే మల్లికి మూడింతల మందు పడుతుంది. మీరు పంపిన ఫొటోలో చీటీ ఉంది కానీ సీసా లేదు. అందుకే ఇప్పుడే లేచి సీసా మీద మి.లీ.కి ఎన్ని మిల్లీగ్రాములని ఉందో చూడండి. 0.5 కాకుండా మరే అంకె ఉన్నా, తర్వాతి డోసు వేసే ముందే ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి ఫోను చేసి ఆ అంకె చదివి వినిపించండి. చీటీ మీది 0.25 అన్నది మి.లీ.యేనా అనీ, రోజుకు ఒకసారేనా అనీ, మొత్తం ఎన్ని రోజులో కూడా అప్పుడే అడగండి. ఆపరేషన్ రోజున నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే సిరప్పు మరుసటి రోజు నుంచే మొదలవుతుంది. ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. అడిగేవారంటే మాకు గౌరవం పెరుగుతుంది.

5 మి.లీ. సిరంజితో కొలవడం చేతకావడం లేదన్నారు. అది మీ లోపం కాదమ్మా. పెద్ద సిరంజి మీద పావు మి.లీ.ని కచ్చితంగా ఎవరూ కొలవలేరు. పైగా 0.25కు బదులు 2.5 గీత దాకా లాగేస్తే పదింతల మందు పడుతుంది. ఇలా జరిగిన కేసులు నేను చూశాను. మందుల షాపులో 1 మి.లీ. సిరంజి అడిగి తెచ్చుకోండి. సూది తీసి పారేయండి. 0.25 గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టండి, అప్పుడు ఇంట్లో ఎవరు వేసినా పొరపాటు జరగదు. ఇన్సులిన్ సిరంజి మాత్రం వాడకండి, దాని మీది అంకెలు యూనిట్లు, మి.లీ.లు కావు. సీసాను ప్రతిసారీ బాగా కదిపి తీయాలి, ఎందుకంటే మందు అడుగున పేరుకుపోతుంది.

ఈ సిరప్పు ఖాళీ కడుపున వేయకూడదు. మల్లి నాలుగు ముద్దలైనా తిన్న తర్వాతే వేయండి. తినడం పూర్తిగా మానేసినా, వాంతులు, విరేచనాలు అవుతున్నా, మలం నల్లగా వచ్చినా ఆ రోజు సిరప్పు ఆపి డాక్టరు గారికి చెప్పండి. నొప్పి మందు ఒక రోజు ఆగితే మల్లి కొంచెం బాధపడుతుంది, దానికి వేరే ఉపాయం ఉంటుంది. నీళ్లు తగ్గిన ఒంటిలో ఈ మందు పడితే కిడ్నీలకు జరిగే నష్టాన్ని మాత్రం పూడ్చలేం.

వేసే తీరు చెబుతాను. మల్లి తల పైకి ఎత్తి గొంతులో పోయకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల మామూలుగానే ఉంచి, పెదవి మూల దగ్గర, కోరపన్ను వెనక ఉండే సందులో సిరంజి కొన పెట్టి మెల్లగా వత్తండి. పావు మి.లీ. అంటే నాలుగైదు చుక్కలే, అది నాకేసుకునేలోపే పని అయిపోతుంది. ఆపరేషన్ జరిగిన రోజు రాత్రి, తూలుతూ నడుస్తున్నప్పుడు మాత్రం నోట్లో ఏమీ వేయకూడదు, నీళ్లు కూడా పట్టకూడదు. మత్తు పూర్తిగా దిగి, తనంతట తాను తిని మింగగలిగాకే మందులు.

మాత్ర వేయడమే అందరికీ పెద్ద గండం. ముందుగా సుఖమైన దారి ప్రయత్నించండి. తెనాలిలో మంచి చేపలు దొరుకుతాయి. ఉప్పు, కారం, నూనె ఏవీ లేకుండా ఉడికించి, ముల్లు తీసిన చేపముక్కతో గానీ కోడి కార్జంతో గానీ బఠాణీ గింజంత ఉండలు మూడు చేయండి. మొదటిది ఉత్తది, రెండోదానిలో మాత్ర, మూడోది మళ్లీ ఉత్తది. మూడోది కళ్ల ముందు కనిపిస్తూ ఉంటే రెండోదాన్ని నమలకుండా మింగే పిల్లులు చాలా ఉన్నాయి. ఇంట్లో వండిన పులుసులోని ముక్క మాత్రం కడిగి కూడా పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి సైతం పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. మాత్రను పొడి చేసి గిన్నెడు తిండిలో కలపడం కూడా మంచిది కాదు. చేదు తగలగానే పిల్లి ఆ గిన్నెనే వదిలేస్తుంది, ఎంత మందు లోపలికి వెళ్లిందో మీకు తెలియదు. ఆపరేషన్ అయిన పిల్లి తిండి మీద విరక్తి పెంచుకోవడం మనకు అన్నిటికంటే నష్టం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోయే జబ్బు వస్తుంది, ముఖ్యంగా లావుగా ఉన్నవాటికి.

చేపకు కూడా లొంగకపోతే చేత్తో వేయాలి. పాపను ఆ కాసేపు వేరే గదిలో ఉంచండి. ఇద్దరు పెద్దవాళ్లు చాలు, ఎక్కువమంది చుట్టూ మూగితే పిల్లి మరింత బెదురుతుంది. ఎత్తుగా ఉన్న బల్ల మీద తువ్వాలు పరచి, దాని మీద మల్లిని కూర్చోబెట్టి, మెడ నుంచి పాదాల దాకా చుట్టేయండి. పొట్ట మీద బిగించకండి, అక్కడ కుట్లున్నాయి. పట్టుకునేవారు వెనక నిలబడాలి. మీరు ఎడమ చేతిని దాని తల మీదుగా తెచ్చి బొటనవేలు ఒక దవడ ఎముక మీద, చూపుడువేలు రెండో వైపు ఆనించండి. ముక్కు కొంచెం పైకి ఎత్తగానే కింది దవడ వదులవుతుంది. కుడిచేతి మధ్యవేలితో కింది చిన్న పళ్లను కిందికి నొక్కి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్న మాత్రను నాలుక మీద వీలైనంత వెనక, నడిమధ్యన వదిలేయండి. ముందు వైపు వదిలితే ఉమ్మేస్తుంది. నోరు మూసి తల దించి గొంతు కింద వేలితో నిమరండి. ముక్కు నాకిందంటే మింగినట్టే. మాత్రకు ముందుగా చిటికెడు నెయ్యి రాస్తే చేదు తగలకుండా జారిపోతుంది.

ఆ తర్వాత నీళ్లు పట్టడం మరవకండి. సిరప్పు వేసిన పద్ధతిలోనే పక్క నుంచి, కొద్దికొద్దిగా, మొత్తం 5 మి.లీ. దాకా. ఇక్కడికి పనికొస్తుంది మీ ఇంట్లోని పెద్ద సిరంజి. పొడిగా మింగిన మాత్ర పిల్లి ఆహారనాళంలో మధ్యలోనే అతుక్కుని ఉండిపోగలదు. డాక్సీసైక్లిన్ మాత్ర, క్లిండమైసిన్ క్యాప్సూల్ అయితే అలా ఆగినచోట పుండు పడి, నాళం సన్నబడిపోయిన పిల్లులున్నాయి. మీ చీటీలో ఉన్నది అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం అనే యాంటీబయాటిక్ కనుక అంత భయం లేదు, అయినా ఈ అలవాటు మంచిది.

నురగ గురించి భయపడ్డారు. చేదు నాలుకకు తగిలితే పిల్లి నోటి నుంచి నురగ, చొంగ ధారగా వస్తాయి. చూడడానికి విషం మింగినట్టే ఉంటుంది గానీ కొన్ని నిమిషాల్లో మూతి తుడుచుకుని మామూలైపోతుంది. నురగతో పాటు ముఖం ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, చిగుళ్ల రంగు మారడం కనిపిస్తేనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండు ప్రయత్నాల్లో వేయలేకపోతే ఆపేయండి. పెనుగులాటలో కుట్లు తెగవచ్చు, మీ చెయ్యి దాని పళ్ల మధ్య పడవచ్చు. పిల్లి కాటు లోతుగా దిగి బాగా చీము పడుతుంది. అలా కరిస్తే సబ్బుతో ధారాళంగా కడిగి, మీరు కూడా డాక్టరుకు చూపించుకోవాలి. ఆ పూటకు వదిలేసి ఆసుపత్రికి ఫోను చేస్తే సిరప్పు రూపంలో మందు మార్చి ఇవ్వవచ్చు. శుభ్రంగా జరిగిన ఆపరేషన్‌కు చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు, కాబట్టి ఒక పూట తప్పినందుకు మీరు అపరాధ భావం పెట్టుకోకండి. తప్పిన డోసు గంటా రెండు గంటల్లో గుర్తొస్తే వేయండి. తర్వాతి పూట దగ్గరపడితే దాన్ని వదిలేసి ఆ పూటది మాత్రమే వేయండి. నొప్పి సిరప్పు ఉమ్మేసినా, కక్కేసినా ఇంకోసారి వేయకండి, ఎంత లోపలికి వెళ్లిందో మనకు తెలియదు కదా.

కుట్లకు పసుపు వద్దని అత్తగారికి నా మాటగా చెప్పండి. పసుపు కింద ఎర్రదనం, చీము కనబడవు. వంటింటి పొడి శుభ్రమైనదనీ చెప్పలేం. అన్నిటికీ మించి, పిల్లి ఒంటి మీద రాసిందల్లా దాని కడుపులోకే పోతుంది, నాకి నాకి తినేస్తుంది. డెటాల్, ఫినాయిల్, కర్పూరం కలిపిన తైలాలు, వేపనూనె ఇవన్నీ ఆ కారణంగానే వద్దు. కుట్లు పొడిగా ఉంటే చాలు. రోజుకు రెండుసార్లు వెలుతురులో చూడండి. కుట్లు నాకకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటి కోన్ తప్పనిసరి, జాలిపడి తీసేయకండి. తినేటప్పుడు మాత్రం మీరు పక్కనే కూర్చుని తీసి, తినగానే మళ్లీ పెట్టండి.

మంచం కింద దాక్కోవడం మొదటి రెండు రోజులు మామూలే. నొప్పి ఎంత ఉందో దాని ముఖం చెబుతుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో పిల్లి ముఖాన్ని బట్టి నొప్పిని అంచనా కట్టే పద్ధతిని ప్రచురించారు. చెవులు పక్కలకు తిరగడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా చాచుకోవడం, తల భుజాల కంటే కిందికి వాలడం అనే అయిదింటిని చూస్తారు. టార్చి వేయకుండా దూరం నుంచి కూర్చుని గమనించండి. గుర్రుమంటోంది కనుక హాయిగా ఉందనుకోవద్దు, నొప్పిలో కూడా పిల్లులు గుర్రుమంటాయి. మందులు వేశాక కూడా ముఖం అలాగే ఉంటే మోతాదు మీరు పెంచకండి, డాక్టరు గారికి చెప్పండి, కలిపి వాడదగిన వేరే నొప్పి మందులున్నాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, కుట్ల నుంచి రక్తం చుక్కలుగా కారుతున్నా, పిలిస్తే లేవకపోయినా రాత్రి అయినా సరే తీసుకెళ్లండి.

మందు వేయడానికి మాత్రం మల్లిని మంచం కింద నుంచి లాగకండి. ఇప్పుడు దానికి ధైర్యమిచ్చే చోటు అదొక్కటే. తిండి గిన్నె శబ్దం చేసి, తనంతట తాను వచ్చేదాకా ఆగండి. పావుగంట ఆలస్యమైతే ఏ మందూ చెడిపోదు. మందు వేశాక ఒక ఉత్త చేపముక్క పెట్టి వదిలేయండి. కుట్లు విప్పించడానికి పది పన్నెండో రోజున వెళ్లినప్పుడు మిగిలిన సిరప్పు సీసాను కూడా తీసుకెళ్లి అక్కడే ఇచ్చేయండి. పాప సిరప్పు పక్కన, అదే అలమారలో అది ఉండడం నాకు ఇష్టం లేదు.